బల్ల గ్లాసుల పెట్టె

"కడుపులోకి ఏదో విషంలాంటిది వెళ్ళింది. అదేమిటో మీ ఇంట్లోవాళ్ళే చెప్పాలి," అంది డాక్టరమ్మ, సెలైన్ సీసా మార్చమని నర్సుకి సైగ చేస్తూ.

లీలారాణి కోడలి వైపు చూసింది. నీలవేణి మంచం కమ్మీ పట్టుకుని నిలబడి ఉంది. కళ్ళు మాత్రం మావగారి మొహం మీంచి కదలడం లేదు.

నిన్న సాయంత్రం పాటల ప్రాక్టీసు నుంచి వస్తూనే జ్ఞానానందం కడుపు పట్టుకున్నాడు. ఎండ దెబ్బేమో అనుకుని మజ్జిగ ఇచ్చారు. తెల్లారేసరికి విరేచనాల్లో రక్తం పడింది. కొడుకు బెన్హర్ ఆటో పిలిచి, తండ్రిని చేతుల మీద ఎక్కించి ఈ ఆసుపత్రికి తెచ్చాడు. శ్రీకాకుళంలో తమ బాప్టిస్టు సంఘానికి పెద్ద, నలుగురికీ బుద్ధి చెప్పే నోరు. ఆ మనిషి ఇప్పుడు మంచినీళ్ళు అడగలేక పెదాలు తడుపుకుంటున్నాడు.

"నిన్న ఏం తిన్నారు?"

"అందరం తిన్నదేనండి. పొద్దున ఇడ్లీ, మద్దేనం మెత్తళ్ళ పులుసు. మేమందరం బాగానే ఉన్నాం కదా," అంది లీలారాణి. 'అందరం' అన్నచోట గొంతు కాస్త గట్టిగా పలికింది. వినాల్సినవాళ్ళు వినాలనే అలా పలికింది.

డాక్టరమ్మ గుండె చూడ్డానికి బనీను పైకి లాగి ఆగిపోయింది. నడుం కుడిపక్కన, వెన్ను నుంచి బొడ్డు దాకా, ఎర్రటి పొక్కులు పట్టీ కట్టినట్టు బారుగా ఉన్నాయి. కొన్ని చితికి చెక్కు కట్టాయి.

"ఇదెప్పటి నుంచి?"

లీలారాణి ఆ పొక్కుల మీదకి వంగి చూసింది. కట్టుకున్న మొగుడి ఒంటి మీద ఇంత పుండుంటే తనకి తెలీదు. ఈమధ్య ఆయన ఇంట్లో కూడా చొక్కా విప్పడం మానేశాడు. స్నానాల గదిలోంచి తువ్వాలు అందించమని కేకెయ్యడం మానేశాడు. వయసు మళ్ళాక మగాళ్ళకి కొత్త సిగ్గులు పుడతాయి కాబోలని నవ్వుకుంది కూడా.

"అక్కి కదండీ ఇది," అంది నర్సు.

"అక్కే. వైరస్. చిన్నప్పుడు వచ్చిన ఆటలమ్మదే. నరంలో దాక్కుని పెద్దతనంలో లేస్తుంది. పొక్కులు లేచినప్పుడే వచ్చుంటే మాత్రలు రాసేదాన్ని. కానీ ఈ రక్తం దానివల్ల కాదు."

వైరస్ అన్న మాట వినగానే నీలవేణి మొహం పాలిపోయింది. చెయ్యి కమ్మీ మీంచి జారింది.

లీలారాణి అది చూసింది. చూడాలనుకున్నదే చూసింది. అనుమానం పెనుభూతం అంటారు. ఆ భూతానికి ఆవిడ పొద్దుటే పీట వేసి కూర్చోబెట్టుకుంది మరి.

*

"నీ సీసా సగానికి దిగిపోనాది," అంది లీలారాణి, వరండాలోకి రాగానే.

ఏ సీసా అని నీలవేణి అడగలేదు.

ఆ సీసా సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. శ్రీకూర్మం దగ్గర పుట్టింటివాళ్ళ కంచె మీద పాకిన గురివింద తీగ నుంచి గింజలు ఏరి తెచ్చి, నీలవేణి సీసాలో పోసి తన గది అలమరలో పెట్టుకుంది. ఎచ్చెర్ల యూనివర్సిటీలో ఆమె చేసే పరిశోధన వాటి మీదే. ఆ గింజల్లో ఒక ప్రొటీను ఉంటుందట. వైరస్‌ల పని పట్టడానికి దాన్ని ఎలా మచ్చిక చెయ్యాలన్నది ఆమె చదువు. బెన్హర్ ప్రేమించి, రిజిస్ట్రారాఫీసులో సంతకాలు పెట్టి ఆమెను ఇంటికి తెచ్చిన రోజు నుంచీ ఆ పిల్ల బొట్టూ, ఆ పిల్ల ఉపవాసాలూ, ఆ పిల్ల గింజలూ లీలారాణికి కంట్లో నలుసులే.

"నిన్ననే సూశాను అత్తయ్యా," అంది నీలవేణి.

"నిన్ననే సూశావా? మరి నోరెందుకు మూసుకున్నావు?"

"మీరే పారేశారనుకున్నాను."

"నాను పారేశానా?"

"మా అమ్మిచ్చిన కుంకం బరిణి పారీలేదేటి? ఇదీ అలాగే అనుకున్నాను. అడిగితే గొడవొస్తాదని ఊరుకున్నాను."

లీలారాణి కాసేపు పమిట సర్దుకుంది. బరిణి మాట నిజం. ఎదటివాళ్ళ మాట నిజమైనప్పుడే మనిషికి కోపం రెట్టింపవుతుంది.

"గురివింద గింజ తన నలుపెరగదని ఊరికే అన్నారా? తిప్పి నా మీదకి తోస్తన్నావు. ఆ గింజలు ఇసమా కాదా, అది సెప్పు ముందు."

"ఇసమే. మింగితే పెంకు గట్టిది కాబట్టి అలాగే బైటికొచ్చేస్తాయి. నూరితేనే పెమాదం."

"ఎంత బాగా తెలుసో."

"నా సదువే అది అత్తయ్యా."

మందుల షాపు నుంచి ఇంజెక్షన్ల కవరుతో వచ్చిన బెన్హర్ ఇద్దరి మధ్యా నిలబడిపోయాడు. సబ్‌స్టేషన్‌లో కరెంటుతో వేగడం అలవాటైన మనిషే గాని, ఈ ఇద్దరాడాళ్ళ మధ్య ఎక్కడ చెయ్యి పెట్టాలో అతనికి ఇన్నాళ్ళయినా తెలియలేదు.

"లోపల నాన్న అలాగుంటే ఇప్పుడేటమ్మా ఇది?"

"నీ పెళ్ళాన్ని అడుగు. డాక్టరమ్మ వైరస్ అనగానే ఎందుకలా తెల్లబోయిందో అడుగు."

నీలవేణి బెంచీ మీద కూలబడింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని నెమ్మదిగా చెప్పింది.

"మావయ్య నన్నడిగారు. మొన్నామధ్య అన్నాలయ్యాక. నీ గింజలు వైరస్‌ని సంపుతాయా అమ్మా అని. ఈ ఇంట్లో నా పని గురించి అడిగినోళ్ళు ఇన్నాళ్ళకి ఆయనొక్కరే. ఎంతో సంతోషమేసింది. అంతా సెప్పాను."

"ఏటి సెప్పావు?" అన్నాడు బెన్హర్.

"దొంగ మనింట్లో దూరి మన పొయ్యి మీదే వండుకు తింటన్నాడనుకోండి మావయ్యా, వైరస్సు అలాటిది అన్నాను. మన ఒంట్లో ప్రతి కణంలోనూ ప్రొటీన్లు వండే పొయ్యిలుంటాయి. రైబోజోములంటారు. ఈ గింజలో ఉన్నది ఆ పొయ్యిల్ని ఆర్పేస్తాది, దొంగకి కూడు దొరకదు అన్నాను. అక్కడికి ఆయన గట్టిగా తలూపారు."

"ఆపైన?"

"దొంగతో పాటు మనమూ పస్తే, అందుకే అది ఇంకా మందు కాలేదు అనీ సెప్పాను. రోగం పట్టిన కణాన్నే ఎతుక్కుని తగిలేలా సెయ్యాలని మా అందరి తంటా. కాకర గింజలో ఉన్నది దీని సుట్టమేగానీ, దానికి కణంలోకి దూరే సెయ్యి లేదు, మెత్తది. గురివిందలో దానికి ఆ సెయ్యి ఉన్నాది. అన్నీ సెప్పాను. ఆయన ఎంతవరకు విన్నారో నాకు తెలీదు."

వార్డులోంచి ఎవరో దగ్గారు.

"లేసేముందు ఒక మాటడిగారు. గురివింద గింజల్ని మందోళ్ళు పాలల్లో ఉడకబెట్టందే ముట్టుకోరు కదా, ఉడికితే ఏటవుద్దీ అని. ఉడికితే ఆ ప్రొటీను పాడయిపోద్ది, ఇంక పన్సెయ్యదు అన్నాను." ఆమె తన చేతులకేసి చూసుకుంది. "ఇసం పోద్ది అని సెప్పాల్సింది. మందు పోద్దని ఆయన అనుకునుంటారు."

"అంటే ఆయనే పచ్చివి నూరుకుని తాగేశారంటావు," అంది లీలారాణి.

"నాకలాగే అనిపిస్తన్నాది."

"గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టారని సంఘస్తుల ఇంట్లో కాఫీ తాగని మనిషి. నీ నాటు మందు తాగుతాడా? వినీవాళ్ళుంటే ఎన్నైనా సెప్తావు."

కవరు అందుకోవడానికి వచ్చిన నర్సు ఆగింది. "అక్కికి మందులెందుకమ్మా, కుమ్మరాయన చేత పొక్కుల మీద జాజుతో సింహం బొమ్మ రాయిస్తే మాడిపోను."

"మా నాన్న అక్కి రాయించుకోడమా," అన్నాడు బెన్హర్. అంత బాధలోనూ అతనికి నవ్వులాంటిది వచ్చి పోయింది.

నవ్వొచ్చే మాటే. తమ ప్రార్థన గుడి ఊడ్చే గున్నమ్మ, కూతురికి అక్కి రాయించిందని తెలిసి, సంఘం కూటంలో లేచి నిలబడి ఆమెకి ప్రభువు బల్ల ఆపించింది జ్ఞానానందమే. అందరూ రొట్టే ద్రాక్షరసమూ పుచ్చుకుంటుంటే ఆమె వెనక బెంచీలో తల వంచుకుని కూర్చునేది. నోట్లో వక్కాకు లేందే చీపురు పట్టని మనిషి, ఆ నెలల్లో ఆకు కూడా మానేసింది. మళ్ళీ బల్లకి చేర్చుకున్నాకే ఆమె నోరు మళ్ళీ ఎర్రబడింది.

బెన్హర్ ఫోను మోగింది. మాట్లాడి పెట్టేశాడు.

"పాస్టరయ్యగారు. గున్నమ్మ ఇయ్యాల రాలేదంట, గుడి తాళం మనింట్లో ఉందా అనడిగారు. నాన్న సంగతి సెప్పాను. ఇటే వస్తన్నారు." కాస్త ఆగి, చూపు దించుకుని అన్నాడు. "ఆస్పత్రోళ్ళు పోలీసులకి కబురెట్టారమ్మా. ఇసం కేసయితే పెట్టాలంట. హెడ్డు కానిస్టేబులు వస్తాడు."

"రానీ. సీసా ఎవరిదో నానే సెప్తాను."

నీలవేణి తల ఎత్తలేదు. ఆ మాట ఒకసారి పోలీసు కాగితం మీదకి ఎక్కితే తన చదువూ, తన కాపురమూ ఏమవుతాయో ఆమెకి తెలుసు. ఆఖరికి మొగుడు ఏమంటాడోనని తలెత్తి చూసింది. బెన్హర్ కవరు నర్సు చేతిలో పెట్టి వార్డులోకి నడిచాడు.

*

పొడి బట్టలు తెస్తానని చెప్పి లీలారాణి ఇంటికి వచ్చింది. బట్టలు ఒక వంక. కోడలి గది వెతకడానికే వచ్చింది.

చీరల మడతలు విప్పింది. పుస్తకాల వెనక చెయ్యి పెట్టి తడిమింది. పరుపు ఎత్తింది. తలగడ గలీబులో చేతిరుమాలు చుట్టిన చిన్న పటం దొరికింది. కూర్మనాథ స్వామి. అత్త కంట పడకుండా ఎన్నాళ్ళుగా దాచుకుంటోందో. ఇంకో రోజైతే ఆ పటం వీధిలో ఉండేది. ఇవాళ ఎందుకో చుట్టినట్టే చుట్టి అక్కడే పెట్టేసింది.

నూరాలంటే కల్వం కావాలి. మిరియాలు నూరుకునే రాతి కల్వం వంటింట్లో దాని చోట లేదు. కోడలి గదిలోనూ లేదు. మంచాల కిందా పెరట్లోనూ వెతికింది. ఇంక తెరవనిది ఇంట్లో ఒక్కటే మిగిలింది, మొగుడి బీరువా.

నర్సు అప్పగించిన కవరులో ఆయన వాచీ, కళ్ళజోడు, తాళంచెవుల గుత్తి ఉన్నాయి. ఆ గుత్తి ఎప్పుడూ ఆయన జేబు దాటి ఎరగదు. బీరువాలో బల్ల గ్లాసుల పెట్టె ఉంటుంది కాబట్టి. నెల మొదటి ఆదివారం బల్ల అయ్యాక, ద్రాక్షరసం పోసే ఆ బుల్లి గాజు గ్లాసుల్ని ఆయనే ఇంటికి తెచ్చి, ఆయనే కడిగి, ఆయనే తుడిచి పెట్టేవాడు. ఇంట్లో ఇంకెవరి చెయ్యీ సోకనిచ్చేవాడు కాదు.

పెట్టె మూత తీసింది. బల్ల మీద పరిచే తెల్లగుడ్డలో కల్వం చుట్టి ఉంది. పక్కన తేనె సీసా. వరసగా మెరుస్తున్న గ్లాసుల నుంచి రెండు విడిగా, కడగకుండా ఉన్నాయి. అడుగున తేనెలో తడిసిన పిండి ఎండిపోయింది. అందులో ఎర్రటి పెంకు నలుసులు. ఒక గ్లాసు అంచున కూడా ఎర్రగా ఏదో అంటుకుంది.

రెండుసార్లు తాగాడన్నమాట, అనుకుంది.

ముందు కోపం రాలేదు. సిగ్గు ముంచుకొచ్చింది. మొన్న ఆయన కోడలితో అలా గుసగుసగా మాట్లాడుతుంటే వంటింటి గుమ్మంలోంచి తను చూసింది. తనతో ముక్తసరిగా తప్ప మాట్లాడని మనిషికి ఈ పిల్లతో ఇంత కబుర్లేమిటని ఒళ్ళు మండి గిన్నెలు చప్పుడు చేసింది. ఆ చప్పుడులోనే ఆయనకి సగం మాటలు వినపడలేదేమో.

తర్వాత వచ్చిన ఆలోచన సిగ్గు కంటే చెడ్డది. కడిగేస్తే సరి. కల్వం వంటింట్లో పెట్టేస్తే సరి. కోడలి సీసా ఎలాగూ ఉంది. ఆయన పెద్దరికం నిలుస్తుంది. ఈ పిల్ల పీడా ఒదులుతుంది. ఈ మాట లీలారాణి పైకి ఎవరితోనూ అనలేదు గాని, మనసులో అనుకున్న మాట మాత్రం అక్షరాలా ఇదే.

గ్లాసులు తొట్టి దగ్గరికి తీసుకెళ్ళింది. చెయ్యి కుళాయి మీద ఉండగా ఫోను మోగింది.

"అమ్మా, నాన్న మాటాడాడు," అన్నాడు బెన్హర్. ఏడుస్తున్నాడు. "హెడ్డు వచ్చి అడిగితే కోడలే ఇచ్చిందన్నాడు. నిజమేనంటావా? నా పెళ్ళాం అలాటిదంటావా?"

లీలారాణి ఫోను పెట్టేసింది. కుళాయి తిప్పలేదు. తెల్లగుడ్డలోనే గ్లాసులు మూటగట్టి ఆటో ఎక్కింది.

*

వార్డులో హెడ్డు కానిస్టేబులు కాగితాల అట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పాస్టరు ఇమ్మానుయేలు తలాపున నిలబడి ప్రార్థన ముగిస్తున్నాడు. నీలవేణి కిటికీ దగ్గరుంది. బెన్హర్ ఆమెకి దూరంగా, తలుపు దగ్గర ఉన్నాడు. లీలారాణి ఆ దూరాన్ని చూసింది. అది తను పెట్టిన దూరమే.

"వందనాలమ్మా," అన్నాడు పాస్టరు.

"వందనాలండి అయ్యగారూ."

"మీరేనా భార్య? ఆయన చెప్పింది రాసుకున్నాను. మీరేమంటారు?" అన్నాడు హెడ్డు.

లీలారాణి మూట విప్పింది. ఒక గ్లాసు తీసి మంచం పక్క స్టూలు మీద పెట్టింది.

"ఇప్పుడు సెప్పండి. ఎవరిచ్చారు?"

పాస్టరుకి ఆ గ్లాసు ఏమిటో ఇంకొకరు చెప్పక్కర్లేదు. ఆయన బైబిలు చంకలోంచి తీసి రెండు చేతులా పట్టుకున్నాడు. జ్ఞానానందం కళ్ళు మూసుకున్నాడు. మూసిన కళ్ళలోంచే నీళ్ళు కారాయి.

"బల్ల ఆపేస్తారని భయమేసింది లీలా," అన్నాడు. మాట పీలగా వచ్చింది. "అక్కికి ఇంగ్లీషు మందు లేదంటారు. రాయించుకోవాల్సిందే అంటారు. గున్నమ్మకి బల్ల ఆపించిన నోటితోనే కుమ్మరోళ్ళ గుమ్మంలో నిలబడి అడగనా? ఈ పిల్ల గింజల్లో మందుందని సెప్పింది. అది సదువు, నాటు మందు కాదు కదా అనుకున్నాను."

"మరి ఆ పిల్ల పేరెందుకు సెప్పారు?"

"సగం నిజమే కదా. ఆ పిల్ల సెప్పిన మందే."

"సగమే విన్నారు. సగమే సెప్పారు," అంది లీలారాణి. ఇన్నేళ్ళ కాపురంలో మొగుణ్ణి పదిమందిలో నిలదీయడం ఆవిడకి ఇదే మొదలు. "ఇంకో సగం నాను సెప్పనా? బీరువా తాళం మీ జేబులోది. కల్వం బల్లగుడ్డలో దొరికింది."

హెడ్డు రాసింది కొట్టేయాలో వద్దో తెలియక కలం పట్టుకుని కూర్చున్నాడు. బెన్హర్ నీలవేణి వైపు ఒక అడుగు వేశాడు. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉంది.

"ఒకసారి తాగి సచ్చింది సాలక రెండోసారీ తాగారు," అంటూ లీలారాణి రెండో గ్లాసు తీసి మొదటిదాని పక్కన పెట్టింది.

జ్ఞానానందం మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

పాస్టరు వంగి ఆ గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు. వెలుగుకి పెట్టి చూశాడు. అంచు మీద ఎర్రటి మరకను వేలితో రాశాడు.

"ఇది గింజ ఎరుపు కాదమ్మా," అన్నాడు. "వక్కాకు."

ఆ ఇంట్లో ఆకు నమిలేవాళ్ళు ఎవరూ లేరు.

కిటికీ దగ్గర్నుంచి నీలవేణి గిర్రున తిరిగింది. "మావయ్యా, గున్నమ్మకిచ్చారా?"

ఆయన పెదాలు కదిలాయి. వంగితే గాని వినపడలేదు. "జొరమంది. కీళ్ళు పట్టేశాయంది. వైరస్ జొరం అన్నారంట. నిన్న పొద్దున ఈ గ్లాసులు గుళ్ళోకి పట్టుకెళ్ళి నాను తాగి, దానికీ ఇచ్చాను." కాస్త ఊపిరి తీసుకుని, "ప్రార్థన సేసే ఇచ్చాను," అన్నాడు.

నీలవేణి అప్పటికే తలుపు దగ్గరుంది. హెడ్డు లేచి అడ్డం నిలబడ్డాడు. "ఆగమ్మా. కాగితాల్లో నీ పేరుంది. నువ్వెక్కడికీ కదలకూడదు."

"తప్పుకో బాబూ," అంది లీలారాణి. "ఆ పిల్ల ఏమీ ఇవ్వలేదు. ఇచ్చింది మా ఆయన. కావాలంటే అలాగే రాసుకో, నాను సంతకం పెడతాను. అవతల దానికేటి సెయ్యాలో తెలిసింది ఇక్కడ ఈ పిల్లకే."

హెడ్డు పక్కకి జరిగాడు. లీలారాణి కోడలి చెయ్యి పట్టుకోబోయింది. నీలవేణి ఆ చెయ్యి అందుకోలేదు. గబగబా మెట్లు దిగుతోంది. వెనకాలే లీలారాణి, చెప్పులు కూడా వేసుకోకుండా.

వార్డులో పాస్టరు ఫోను చెవికి పెట్టుకుని నిలబడ్డాడు. గున్నమ్మ ఇంట్లో ఫోను మోగి మోగి ఆగిపోయింది. ఆయన మళ్ళీ నొక్కాడు. మళ్ళీ మోగుతోంది, ఎత్తేవాళ్ళు లేరు.